ఒక్క సరస్సు ఒడ్డున సెలవులు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలయ్యాయంటే మీ ఆదివారం పేజీల్లో యూరప్ ప్రయాణాల కబుర్లు వరసగా వస్తాయి. పారిస్‌లో ఒక రాత్రి, స్విట్జర్లాండ్‌లో రెండు రాత్రులు, తెల్లారి ఆరింటికల్లా పెట్టెలు గది బయట పెట్టాలి, మళ్లీ బస్సు. అవన్నీ నేను శ్రద్ధగా చదువుతాను. చూడాల్సినవి ఎన్నో ఉన్నాయి, అంత దూరం మళ్లీ వెళ్తామో లేదో అన్న ఆరాటం నాకూ అర్థమవుతుంది. కానీ ఇంకో రకం సెలవు కూడా ఉంది. ఒకే ఊళ్లో, ఒకే సరస్సు ఒడ్డున, ఎక్కడికీ పరిగెత్తకుండా ఉండిపోవడం. మా వయసువాళ్లకు, అందులోనూ కాళ్ల నొప్పులున్నవాళ్లకు, అది ఎంత మేలు చేస్తుందో చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి జెనీవాలో ఉద్యోగం చేస్తోంది. మావారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక వచ్చిన వేసవిలో మేమిద్దరం అమ్మాయి దగ్గరికి వెళ్లాం. ‘మెట్లెక్కడం, రైళ్లు మారడం నాన్న వల్ల కాదు, ఒక్క చోటే ఉందాం’ అని తను ముందే అనుకుని, సరిహద్దు దాటాక ఫ్రాన్స్‌లో ఆన్సీ సరస్సు ఒడ్డున సెవ్రియే అనే ఊళ్లో ఒక ఇంటి కింది వాటా అద్దెకు తీసుకుంది. జూలై నెల. వెళ్లేముందు మావారికి లోపల కొంచెం టెన్షన్ ఉండేది. అంత దూరం వెళ్లి ఇంట్లో కూర్చోవడానికా అని.

ఆన్సీ జెనీవాకు దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో, ఆల్ప్స్ పర్వతాల అంచున ఉంది. సరస్సు పొడవు 14 కిలోమీటర్ల పైచిలుకు, విస్తీర్ణం దాదాపు 27 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టానికి 447 మీటర్ల ఎత్తున ఉంటుంది. సుమారు 18 వేల ఏళ్ల కిందట పెద్ద హిమనదాలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు, అవి తొలిచిన లోయలో నీళ్లు నిలిచి ఏర్పడింది. హిమనదం లోయను ఎలా తొలుస్తుందో బోర్డు మీద గీసి చూపిస్తూ ఉద్యోగం చేసినదాన్ని నేను. ఇక్కడ కిటికీ తెరిస్తే ఆ బొమ్మంతా ఎదురుగా ఉంది. రెండు పక్కలా నిటారుగా లేచిన కొండలు, మధ్యలో చదునుగా నీళ్లు. మా మనవరాలికి చెయ్యి పట్టుకుని చూపించాను, మంచు ఎటునుంచి వచ్చిందో, ఎటు పోయిందో.

మా ఇల్లు పడమటి ఒడ్డున. అందువల్ల పొద్దున సూర్యుడు ఎదుటి కొండలు దాటి పైకి రావడానికి చాలాసేపు పట్టేది. అప్పటిదాకా నీళ్లు ముదురు ఆకుపచ్చ రంగులో, ఒక్క ముడత లేకుండా ఉండేవి. ఎండ పడగానే ఒడ్డు దగ్గర లేత నీలమైపోయేవి. సాయంత్రం ఇందుకు తిరగేసి ఉంటుంది. మా వెనక సెమ్నో అనే కొండ ఉంది. సూర్యుడు దాని వెనక్కి పోగానే మా ఒడ్డు నీడలోకి వచ్చేస్తుంది. ఎదురుగా లాన్‌ఫోన్ అనే రంపపు పళ్ల లాంటి శిఖరాల మీద, దాని పక్కన 2,351 మీటర్ల తూర్నెట్ కొండ మీద మాత్రం ఎండ ఇంకా ఉంటుంది. ఆ రాళ్లు పసుపు, నారింజ, ఆ తర్వాత గులాబీ రంగులోకి మారతాయి. జూలైలో అక్కడ తొమ్మిదిన్నరకు గానీ పొద్దు పోదు. భోజనాలయ్యాక కూడా బయట కుర్చీలు వేసుకుని, కొండ మీద రంగు పూర్తిగా పోయేదాకా కూర్చునేవాళ్లం. మొదట్లో ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీశాం. తర్వాత ఫోన్లు ఇంట్లోనే వదిలేసి వచ్చేవాళ్లం.

ఇంటావిడ పై వాటాలో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, నర్సుగా చేసి రిటైరయింది. రోజూ పొద్దున్నే కాళ్లకు రబ్బరు చెప్పులు, భుజాన తువ్వాలు వేసుకుని మెట్లు దిగి, తోట చివర సందులోంచి రేవుకు వెళ్తుంది. చెప్పులు గట్టు మీద పక్కపక్కనే పెట్టి, నెమ్మదిగా నీళ్లలోకి నడిచి, నడుము దాకా వచ్చాక మెడ వెనక రెండు దోసిళ్ల నీళ్లు చల్లుకుంటుంది. ఆ తర్వాతే ఈత. తొందర లేదు, చప్పుడు లేదు. తల పైకి ఉంచి కొంతదూరం వెళ్లి, తిరిగొచ్చి, తుడుచుకుని, బెంచీ మీద కూర్చుంటుంది. నాకు ఈత రాదు. ఆవిడ పక్కన గట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకునేదాన్ని. అడుగున ప్రతి గులకరాయీ కనిపిస్తుంది. కాసేపు కదలకుండా ఉంటే వేలెడంత చేపపిల్లలు గుంపుగా వచ్చి కాలివేళ్ల చుట్టూ తిరిగేవి. ఒకరోజు నెత్తిన జుట్టులా ఈకలున్న నీటిపిట్ట ఒకటి అటుగా ఈదుతూ వచ్చింది. దాని వీపు మీద ఈకల్లోంచి చారల చారల చిన్న తల బయటికి వచ్చింది, తర్వాత ఇంకొకటి. పిల్లల్ని వీపున మోస్తూ ఈదుతోందన్నమాట. మనవరాలిని పిలుద్దామని లేచేలోపు అది రెల్లులోకి వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లకు మళ్లీ కనిపిస్తే పిల్ల తనివితీరా చూసింది.

ఈ నీళ్లు ఇంత తేటగా ఎలా ఉన్నాయని అడిగితే ఇంటావిడ చాలా విషయాలు చెప్పింది. అమ్మాయి ఒక్కో ముక్కా తెలుగులో చెబుతుంటే, మావారు మధ్యలో ప్రశ్నలు వేస్తుంటే, ఆ పొద్దుటి కాఫీ మధ్యాహ్నం దాకా సాగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చుట్టుపక్కల ఊళ్ల మురుగంతా సరస్సులోకే వచ్చేది. నీళ్లు పాడవుతున్నాయని ఆ ఊరి డాక్టరు పాల్-లూయీ సెర్వెటా గట్టిగా హెచ్చరించాడు. ఆన్సీ మేయరు షార్ల్ బొసోన్, ఒడ్డున ఉన్న మిగతా ఊళ్ల మేయర్లు కలిసి 1957లో ఒక సంయుక్త సంఘం పెట్టారు. సరస్సు చుట్టూ పెద్ద మురుగు పైపులు వేయించి, ఒక్క చుక్క మురుగు కూడా అందులోకి పోకుండా మళ్లించారు. ఆ నీరంతా సరస్సుకు దిగువన ఉన్న కేంద్రానికి వెళ్లి, అక్కడ శుద్ధయి, ఫియేర్ అనే నదిలో కలుస్తుంది. సరస్సులోకి అసలు రాదు. ఊరి జనం ఇప్పుడు ఈ సరస్సు నీళ్లే శుద్ధి చేసుకుని తాగుతున్నారు.

‘నా పెళ్లినాటికి మా వీధంతా తవ్వేసి ఉంది’ అంది ఇంటావిడ. ఎంత ఖర్చు, ఎంత దుమ్ము, ఎన్నేళ్ల పని అని జనం గొణుక్కునేవాళ్లట. ఈ సరస్సులో నీరు పూర్తిగా మారి కొత్తనీరు రావడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది. అంటే ఒకసారి పాడైతే, అడ్డుకట్ట వేసిన మర్నాడే బాగుపడేది కాదు. పైపులు వేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసే చేశారు. మా మనవరాలు అరచేతిలో నీళ్లు పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆ మేయర్లకూ ఆ డాక్టరుకూ మనసులో దండం పెట్టుకున్నాను. హాయి అనేది ఊరికే రాలేదక్కడ, దాని వెనక వీధులు తవ్వించుకుని ఓర్చుకున్న ఊళ్లున్నాయి.

ఒడ్డు కూడా కొంతవరకు అందరిదీ. ఫ్రాన్స్‌లో 1986లో వచ్చిన తీరప్రాంత చట్టం సముద్రతీరాలతో పాటు వెయ్యి హెక్టార్లకు మించిన సరస్సులకూ వర్తిస్తుంది. ఈ సరస్సు దానికి రెండున్నర రెట్లు పెద్దది. నీళ్ల పక్కన ఇష్టం వచ్చినట్టు కట్టుకోవడానికి వీల్లేదు. సొంత తోటలూ, సొంత రేవులూ ఉన్న పెద్ద ఇళ్లు లేకపోలేదు, వాటి ముందు నడవలేం. అయినా ఏ ఊరికి ఆ ఊరికి ఒక గడ్డి మైదానం, నీళ్లలోకి దిగే చోటు, చెట్ల కింద బల్లలు ఉంటాయి. ఆన్సీ పట్నంలో నీటి ఒడ్డునే పాకియే అనే పెద్ద పచ్చిక ఉంది. ఎంతో విలువైన చోటు, మధ్యలో ఒక్క కట్టడం లేదు. ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు మధ్యాహ్నం అక్కడే బూట్లు విప్పి పడుకుని పుస్తకం చదువుకోవడం చూశాను.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మావారి నడక గురించి. సరస్సు పడమటి ఒడ్డున ఆన్సీ నుంచి ఆల్బెర్‌విల్ వైపు ఒకప్పుడు రైలు నడిచేది. అది ఆగిపోయాక ఆ పట్టాల దారినే సైకిళ్లకూ, నడిచేవాళ్లకూ ఇచ్చేశారు. రైలు దారి కదా, ఎక్కడా ఏటవాలు తెలియదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? మొదట మావారు చేతికర్రతో మా సందు చివరి నుంచి మొదటి బెంచీ దాకా వెళ్లి కూర్చునేవారు. కొన్నాళ్లకు రెండో బెంచీ. తర్వాత పాత స్టేషను దగ్గరికి. దారి పొడవునా ఒకవైపు నీళ్లు కనిపిస్తూ, మాయమవుతూ, మళ్లీ కనిపిస్తూ ఉంటాయి కాబట్టి ఇంకొంచెం వెళ్దాం అనిపిస్తుంది. సైకిళ్లవాళ్లు దూరం నుంచే గంట కొట్టి, పక్కనుంచి పోతూ ‘బోన్‌జూర్’ అని పలకరించేవాళ్లు. ఈయన కూడా కర్ర పైకెత్తి ‘బోన్‌జూర్’ అనేవారు. ఆఖరి వారంలో మమ్మల్ని ద్వేన్ అనే ఊళ్లో దింపమని అల్లుణ్ని అడిగారు. అక్కడ పాత రైలు సొరంగం ఉంది. బయట ఎండ మండిపోతుంటే లోపల చల్లగా, దీపాల వెలుగులో, మా అడుగుల చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంటే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. బయటికొచ్చాక ముఖమంతా చెమట. ఇంటికెళ్దామా అంటే, ‘ఉండు, వెనక్కి కూడా నడిచే వెళ్దాం’ అన్నారు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన గొంతులో ఆ ఉత్సాహం విన్నది అదే మొదలు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయించడానికి ఇంట్లో నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఆ ద్వేన్ దగ్గరే సరస్సు సన్నబడి పెద్ద సరస్సు, చిన్న సరస్సు అని రెండుగా విడిపోయినట్టు ఉంటుంది. ఎదుటి ఒడ్డున తాల్వార్ అనే ఊరు. లాంచీలు ఒక్కో ఊరి రేవుకూ వెళ్తూ సరస్సంతా తిరుగుతాయి. మేం లాంచీ ఎక్కి తాల్వార్ వెళ్లాం. రేవు దగ్గరపడగానే ఇంజను చప్పుడు మారుతుంది, ఒక కుర్రాడు తాడు చుట్ట తీసి రేవు మీది గుంజకు విసురుతాడు, లాంచీ మెల్లగా పక్కకు జరిగి ఆనుకుంటుంది. మావారు దిగేటప్పుడు ఆ కుర్రాడు తాడు వదలకుండానే రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. చిత్రకారుడు సెజాన్ 1896 వేసవిలో తాల్వార్‌లో ఉండి ఈ సరస్సును చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. అందులో ఎదుటి ఒడ్డున ఉండే కోట ద్వేన్‌ది. మేం రేవు పక్కన చెట్టు కింద కూర్చుంటే అదే కోట మాకూ కనిపించింది. మావారు ఆ సరస్సులోనే దొరికే ఫెరా చేప తిన్నారు, నేను పుట్టగొడుగుల ఆమ్లెట్ తెప్పించుకున్నాను. పైన ఫోర్‌క్లాజ్ కనుమ మీంచి ఎగిరిన పారాగ్లైడర్లు రంగురంగులుగా తిరుగుతూ, దక్షిణాన దూసార్ వైపు దిగుతున్నారు. లాంచీ మళ్లీ వచ్చేదాకా అక్కడినుంచి లేవలేదు.

మంగళ, శుక్ర, ఆదివారాల్లో ఆన్సీ పాత ఊళ్లో సంత. పొద్దున్నే వెళ్లాలి, తర్వాత జనం. పీచ్ పండ్లు, ఆప్రికాట్లు, పెద్ద పెద్ద చక్రాల్లాంటి చీజ్‌లు. సరస్సు నీళ్లు తియూ అనే చిన్న నదిగా ఆ పాత ఇళ్ల మధ్య నుంచే బయటికి పోతాయి. ఆ నీటి మధ్యలో ఓడ ముక్కులా మొనదేలిన రాతి భవనం ఉంది, ఒకప్పుడు జైలు. అందరూ ఫొటో తీసేది దాన్నే. నాకు మాత్రం అక్కడి నీటి గేట్లు నచ్చాయి. సరస్సు మట్టం వాటితోనే అదుపులో ఉంచుతారు. మనవరాలు రేవులో వేసిన ఆకు ఎటు పోతుందని అడిగితే, ఈ గేట్లు దాటి తియూలోకి, అక్కడి నుంచి ఫియేర్‌లోకి, రోన్ నదిలోకి, చివరికి మధ్యధరా సముద్రంలోకి అని చెప్పాను. పిల్ల ఆ సాయంత్రమే అట్లాసు తీయించి వేలుతో దారి గీసుకుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆగస్టు దగ్గరపడే కొద్దీ పడమటి ఒడ్డు రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, సంత నుంచి ఇంటికి రావడానికే విసుగొస్తుంది. ఆగస్టు మొదటి శనివారం సరస్సు పండుగ, నీటి మీద పెద్ద బాణసంచా వేడుక. అది చూడాలంటే ఆ రద్దీ భరించాలి, మేం అంతకుముందే వచ్చేశాం. కొన్ని సాయంత్రాలు ఉన్నట్టుండి గాలి లేచి, కొండల మీద మబ్బులు కమ్మి, ఉరుములతో వాన కొట్టేది. అద్దంలా ఉన్న నీళ్లు కాస్తలో తెల్లటి నురగలతో గట్టును కొట్టేవి. ఇంటావిడను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఒడ్డున రెల్లు వెనకటి కంటే బాగా తగ్గిపోయింది. నీటిపిట్టలు గూడు పెట్టేది అందులోనే. మిగిలినదాన్ని కాపాడడానికి నీళ్లలో కొయ్యలు పాతారు, పడవలు అటు పోకూడదు. 2018లో వానల్లేక సరస్సు బాగా తగ్గిపోయి, ఒడ్డున బురద బయటపడిందని చెప్పి ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. దక్షిణం కొసన 1974 నుంచి ఒక రక్షిత ప్రాంతం ఉంది, అక్కడ చెట్లను పళ్లతో కొరికి పడేసే బీవర్లు అనే నీటి జంతువులు కూడా ఉన్నాయి. చెక్క దారి మీద నడిచి చూడొచ్చు.

మాలాంటివాళ్లు వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. జూన్ నెల, లేదా సెప్టెంబరు మొదటి సగం ఎంచుకోండి. రద్దీ ఉండదు, నీళ్లు వెచ్చగానే ఉంటాయి. జెనీవా విమానాశ్రయంలో దిగితే ఆన్సీకి బస్సులున్నాయి. ఎక్కువ రోజులు ఫ్రాన్స్‌లోనే ఉంటారు కాబట్టి షెంజెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఫ్రాన్స్‌కే దరఖాస్తు పెట్టాలి. ఇల్లు కింది వాటాలో, రేవుకు నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. ఊరి కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం సాయంత్రం అసలు తెరవరు, అందుకు తగ్గట్టు సరుకులు తెచ్చుకోవాలి. రోజుకొకటి చూడాలనే లెక్క మాత్రం పెట్టుకోకండి.

సంపాదకుల వారికి నా మనవి ఒక్కటే. ఈ వేసవి పేజీల్లో టూర్ల వివరాలతో పాటు ఇలాంటి సెలవులకు కూడా కొంచెం చోటివ్వండి. హంగరీలో బాలాటన్, స్లొవేనియాలో బ్లెడ్, ఇటలీలో గార్డా ఒడ్డున ఒకే చోట ఉండి వచ్చిన పాఠకులు ఉంటే వాళ్ల చేత రాయించండి. ఎక్కడ దారి చదునుగా ఉంది, ఎక్కడ బెంచీలున్నాయి, లాంచీ ఎక్కడానికి మెట్లెన్ని, ఇలాంటివి ఎవరూ రాయరు, మాకు కావాల్సినవి అవే. బ్లెడ్ సరస్సు చుట్టూ నడక దారి ఆరు కిలోమీటర్లేనట. మావారు ఆ సంగతి చదివి, మధ్యలో ఎక్కడెక్కడ కూర్చోవచ్చో తెలిసినవాళ్లు రాస్తే బాగుండునంటున్నారు.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు,
ఒక విశ్రాంత సోషల్ టీచరు